మంచిది తర్వాత చూద్దాం

పొడుగ్గా ఒకసారి మోగితే కెమెరా తిరుగుతోందని అర్థం, పొట్టిగా రెండుసార్లు మోగితే ఆగిందని. ఈ అలవాటు లోర్నాకు ఎంతగా ఒంటబట్టిందంటే, స్టూడియో గోడకు అవతల పదకొండో నంబరు షూటింగు ఫ్లోరు బెల్లు పొడుగ్గా మోగగానే, ఇవతల పేవ్‌మెంటు మీద సమ్మె అట్ట భుజాన వేసుకుని నడుస్తున్నదల్లా ఠక్కున ఆగిపోయి ఊపిరి బిగబట్టింది. వెనక వస్తున్నాయన వచ్చి వీపుకు గుద్దుకున్నాడు. లోపల షూటింగు జరుగుతుంటే బయట మనం నోరు మూసుకోవడమేమిటమ్మా, అరవడానికే కదా వచ్చాం అని నవ్వాడు. నిజమే, నవ్వింది, నడిచింది. గేటు నుంచి బస్‌స్టాపు దాకా, మళ్ళీ బస్‌స్టాపు నుంచి గేటు దాకా, ఎర్రచొక్కాల రచయితలు నలభైమంది గుండ్రంగా, పన్నెండు రోజులుగా ఇదే నడక. పక్కన పోయే కార్లవాళ్ళు హారన్లు కొడుతున్నారు, మీ వెంటే ఉన్నామని. నవంబరు వచ్చినా లాస్ ఏంజెలెస్ ఎండకు ఆ సంగతి తెలిసినట్టు లేదు. తొమ్మిదీ నలభై ఆరు. ఇంకా నలభై నాలుగు నిమిషాలు. ప్రకటనలు తీసేస్తే సరిగ్గా ఒక ఎపిసోడు, అన్నాడు డెల్ ఎడమ చెవి పక్కన. ఆమెతో కలిసి రాసే డెల్ పోయి ఆరు వారాలైంది. బతికున్నప్పుడు కూడా ఎడమపక్కనే నడిచేవాడు, అతనికి ఎడమ చెవి కాస్త మందం, ఆమె మాట వినపడాలంటే అటే ఉండాలి. ఇప్పుడు వినవలసిన అవసరమేమీ లేకపోయినా అటే ఉన్నాడు.

నీకేం, హాయిగా పోయావు, అని మనసులోనే కసిరింది. పొద్దున్న ఏడింటికి ట్రూడీ ఫోన్ చేసింది. ఫ్లోరులో స్క్రిప్టు పట్టుకుని కూర్చుని, నటులు రాసింది రాసినట్టు చెబుతున్నారో లేదో చూసుకునే మనిషి ట్రూడీ, తొమ్మిదేళ్ళుగా వాళ్ళ సీరియల్‌లోనే ఉంది. పదిన్నరకు కెప్టెన్ బార్లో చనిపోయే సీను తీస్తున్నారు లోర్నా, అంది.  తర్వాత గొంతు తగ్గించి, కెప్టెన్ భార్య పేరు హెలెన్ కదా, మరి ఆయన మంచం మీద పడుకుని 'మిరియమ్‌కి మాత్రం చెప్పకు' అంటాడేమిటి అని అడిగింది.  లోర్నా వంటగదిలో గట్టు పట్టుకుని నిలబడింది. డైరెక్టరుకు చెప్పాను, అంది ట్రూడీ, హెలెన్‌కు ముందు ఎవరో ఒకావిడ ఉండే ఉంటుంది, వదిలెయ్ అన్నాడు. ఇక ఓస్కర్ సంగతి చెప్పక్కర్లేదు, ఆ మాట కోసమే ఈ వేషం వేశానంటున్నాడు, మిరియమ్ ఎవరో నాకు తెలుసు, నాలోనే దాచుకుంటాను, ఎవరూ ముట్టుకోవద్దు అని ఛాతీ మీద చెయ్యి వేసుకుంటున్నాడు. ఓస్కర్ కెప్టెన్ వేషం వేసే నటుడు, ఏ మాటకైనా ఛాతీ మీద చెయ్యి వేసుకుంటాడు.

అప్పుడు ట్రూడీ అసలు మాట అంది. "ఇది మన మిరియమే కదూ? డెల్ భార్య. నువ్వు ఊఁ అను చాలు, హెలెన్ అని మార్చేస్తాను. టైపింగులో తప్పు దొర్లిందని నేనే చెప్పుకుంటాను. ఒక్క పేరు. నువ్వు రాసినట్టు కూడా కాదు."

మళ్ళీ చేస్తానని ఫోన్ పెట్టేసింది లోర్నా. ఆ ఫోన్ ఇప్పుడు ప్యాంటు జేబులో ఉంది, అడుగుకొకసారి తొడకు తగులుతోంది. ఒక్క పేరు. సమ్మె మొదలైన రోజు సంఘం చెప్పింది ఒకటే, కలం కింద పెట్టండి అని. అప్పటికి ఇచ్చేసిన స్క్రిప్టులు ఉన్నవి ఉన్నట్టు తీసుకోనీ, మీరు మాత్రం అందులో కామా కూడా కదపొద్దు అని. కలం కింద పెట్టాక ఫోన్లో ఊఁ అనడం రాయడమా కాదా? రాయడమే. అది తెలియనంత పసిదేం కాదు లోర్నా, యాభై మూడేళ్ళు.

నీ వల్లే ఇదంతా, అంది డెల్‌తో. పంతొమ్మిదేళ్ళు ఒకే గదిలో ఇద్దరూ కూర్చుని, కాదు, ఆమె కూర్చుని, అతను నడుస్తూ, రాశారు. అతను గదిలో ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతూ పాత్రలన్నీ తనే అయిపోయి మాట్లాడేవాడు, ముసలమ్మ అయినా తనే, కుక్క అయినా తనే, ఆమె టైపు చేసేది. ఎక్కడైనా ఆగిపోతే చాలు, చెయ్యి ఊపేసేవాడు, చెత్తది పెట్టు, మంచిది తర్వాత చూద్దాం. ఆ వృత్తిలో రచయితలందరూ చేసేదే, ముందు ఏదో ఒక చెత్త మాట పెట్టుకుని ముందుకు పోవడం, రేపో ఎల్లుండో వెనక్కి వచ్చి దాన్ని పీకేసి అసలుది పెట్టడం. ఒకసారి పెళ్ళి సీనులో 'ఇక్కడ ఆవిడ ఏదో అంటుంది, అందరూ ఏడుస్తారు' అని పెట్టి మరిచిపోయి ఛానెల్‌కు పంపేశారు. ఛానెల్ పెద్దమనిషి ఫోన్ చేసి, ఆ సీను బ్రహ్మాండం, ఏమీ మార్చకండి అన్నాడు. డెల్ నవ్వీ నవ్వీ సోఫా మీంచి కిందికి జారాడు. తర్వాత అనేది ఎప్పుడూ ఉండేది. తొమ్మిదేళ్ళ సీరియల్లో తర్వాత అనేది లేని రోజు ఒక్కటీ లేదు. మొదటిసారి ఒంటరిగా రాసిన స్క్రిప్టు ఇదే, డెల్ పోయిన నెలకు, సమ్మెకు ముందటి శుక్రవారం సాయంత్రం, అయిదింటికల్లా ఇవ్వాలి, నాలుగున్నరకు అన్నీ అయ్యాయి, మంచం మీది కెప్టెన్ చివరి మాట తప్ప. గదిలో ఎవరూ నడవడం లేదు. వేళ్ళు కీబోర్డు మీద పెట్టుకుని కూర్చుంది. చెత్తది పెట్టు అన్నాడు ఎడమపక్క నుంచి. పెట్టింది.

ఆమె పెట్టింది చెత్తది కాదు, అతనిదే. ఆస్పత్రిలో ఆ మధ్యాహ్నం మిరియమ్ స్నానానికని ఇంటికి వెళ్ళింది, రెండు గంటలు నువ్వుండు లోర్నా అని. కిటికీలోంచి పార్కింగ్ కనపడుతోంది. డెల్ నిద్రపోతున్నాడనుకుంది. అతను కళ్ళు తెరవకుండానే, "కుర్చీ దగ్గరికి లాక్కో. భయమేస్తోంది. మిరియమ్‌కి మాత్రం చెప్పకు," అన్నాడు. లాక్కుంది. అంతే, దాని మీద ఇద్దరూ మళ్ళీ ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఆ మూడు ముక్కలూ కెప్టెన్ నోట్లో పెట్టింది, పేరుతో సహా, సోమవారం పీకేద్దామని. ఆదివారం అర్ధరాత్రి దాటిన నిమిషానికే సమ్మె. ఇప్పుడు ఆ మాట పీకడానికి చెయ్యి లేదు, ఉంచడానికి ముఖం లేదు. వసంతంలో ఎప్పుడో ఒక గురువారం మిరియమ్ ఇంట్లో సోఫాలో కూర్చుని, ఇన్నేళ్ళూ మొగుడితో కలిసి చూసిన సీరియలే పెట్టుకుని, ఛాతీ మీద చెయ్యి వేసుకున్న ఓస్కర్ నోటి వెంట తన పేరు వింటుంది. డెల్ భయపడ్డాడని వింటుంది. దేశంలో కోటిమందితో పాటు వింటుంది. అంత్యక్రియలకు వచ్చిన ప్రతివాళ్ళ చేతులూ పట్టుకుని, చివరిదాకా ఒక్క రవ్వ భయం లేదు తెలుసా, అలా నిద్రపోయినట్టు వెళ్ళిపోయాడు అని చెప్పిన మనిషి. లోర్నాను కావలించుకున్నప్పుడు కూడా చెవిలో అదే చెప్పింది, ఒక్క రవ్వ భయం లేదు అని. లోర్నా తల ఊపింది. 

బస్‌స్టాపు దగ్గర మలుపు. అక్కడ ఎప్పుడూ వెర్న్ ఒక్కడే నడుస్తుంటాడు, వరసకు నాలుగడుగులు ఎడంగా, తెల్ల టోపీ, డెబ్బై ఒక్కేళ్ళు, అందరికంటే ముందు వచ్చి అందరికంటే ఆఖరున పోతాడు. వెర్న్ స్టాడ్లర్. మిరియమ్ పెళ్ళిలో డెల్ పక్కన నిలబడి ఉంగరం అందించినవాడు. ఎనభై ఎనిమిదిలో ఇలాంటి సమ్మె అయిదు నెలలు సాగింది, రచయితలు ఇళ్ళు అమ్ముకున్నారు. అప్పుడు నాలుగో నెలలో ఒక హాస్యనటుడు ఫోన్ చేసి ఏడుపు గొంతుతో బతిమాలితే వెర్న్ ఒక్క జోకు చెప్పాడు. ఒక్కటే, ఉత్తినే, పైసా తీసుకోకుండా. ఆ వారం డెల్ ఇంట్లో టీవీ చూస్తూ ఆ జోకు విన్నాడు, నవ్వాడు, నవ్వు మధ్యలో ఆగిపోయి, ఇది వెర్న్‌ది, వాడి నడక నాకు తెలుసు అన్నాడట. లేచి టీవీ కట్టేశాడట. ఆ తర్వాత పంతొమ్మిదేళ్ళు వెర్న్ ఎదురొస్తే డెల్ రోడ్డు దాటి అవతలి వైపు నుంచి పోయేవాడు. పోనీలెద్దూ, ఒక్క మాటే కదా అని లోర్నా ఎన్నోసార్లు అంది. వాడూ అదే అన్నాడు, ఒక్క మాటే కదా అని, అనేవాడు డెల్. అంత్యక్రియలప్పుడు వెర్న్ లోపలికి రాలేదు, బయట ఆగి ఉన్న కార్ల వరస వెనక టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఇప్పుడు పక్కనుంచి పోతూ ఆమెకు టోపీ కాస్త ఎత్తాడు. ఆమె కూడా తల వంచింది. నన్ను చూసి నేర్చుకో అంటున్నాడో, నాతో వచ్చి నడువు అంటున్నాడో ఆ మొహంలో తెలియదు. మార్చావంటే రేపటి నుంచి నువ్వూ వాడి పక్కనే, నాలుగడుగులు ఎడంగా, అన్నాడు డెల్. నోర్ముయ్ అంది లోర్నా, ఈసారి పైకే. వెనకాయన తనను కాదు కదా అని చూశాడు.

పదీ అయిదు. మిరియమ్ వచ్చింది. రోజూ రాదు, ఈవేళే రావాలి. డెల్ పాత ఎర్రచొక్కా వేసుకుంది, మోకాళ్ళ దాకా వచ్చింది, ఒక చేతిలో పెరటి చెట్టు నారింజల సంచి, ఇంకో చేతిలో డెల్ ఎనభై ఎనిమిది నాటి అట్ట, అక్షరాలు వెలిసిపోయి, గరాజ్‌లో ఎలుకలు ఒక మూల కొరికేసి. గేటు దగ్గర కాపలా ఉండే ఓటిస్‌కు మొదటి నారింజ ఇచ్చింది, మీరు అవతలివాళ్ళ మనిషే కానీ నారింజకు ఆ తేడా లేదు అని. ఓటిస్ టోపీ తీసి పుచ్చుకున్నాడు. డెల్ గారి కారు చోటు ఇంకా ఎవరికీ ఇవ్వలేదమ్మా, పేరు మీద తెల్లరంగు వేశారు గానీ ఎండ పడితే కింది అక్షరాలు కనపడతాయి అన్నాడు. మిరియమ్ వచ్చి లోర్నాకు ఎడమపక్క నడవడం మొదలుపెట్టింది, సరిగ్గా డెల్ చోటులో, అతనెటు పోయాడో మరి, చెవి పక్క ఒక్కసారిగా ఖాళీ అయిపోయింది.

"ఎండిపోయావు," అంది మిరియమ్. "తింటున్నావా?"

"సమ్మె చేస్తున్నాను, నిరాహారదీక్ష కాదు."

"నోటికేం తక్కువ లేదు. ఇదిగో నారింజ, అట్ట చంకలో పెట్టుకుని వొలుచుకుని తిను."

తొక్క తీస్తుంటే వేళ్ళకు రసం అంటింది. మిరియమ్ చెబుతూనే ఉంది, డెల్ కళ్ళజోడు బండి సీటు కింద దొరికిందని, మూడోదని, ఎన్ని ఉన్నాయో ఆ మనిషికి. ఎదురింటివాళ్ళ కుక్క ఇంకా సాయంత్రం అయిదింటికి వచ్చి గుమ్మం ముందు కూర్చుంటోందని, డెల్ దాన్ని రోజూ బ్లాకు చుట్టూ తిప్పేవాడని, ఇప్పుడు తనే తిప్పుతున్నానని, తనతో అది సరిగ్గా నడవదని. లోర్నా వింటోంది, వినడం లేదు. చెప్పెయ్. చెబితే డెల్‌కు ఇచ్చిన మాట పోతుంది. చెప్పకపోతే ఓస్కర్ చెబుతాడు, కోటిమంది ముందు. ట్రూడీకి ఊఁ అంటే ఎవరికీ ఏమీ తెలియదు, మాట నిలబడుతుంది, మిరియమ్ ఏడవదు, కెప్టెన్ హాయిగా హెలెన్ పేరు చెప్పుకుని పోతాడు. పోయేది ఒక్కటే, ఈ వరసలో నడవడానికి తనకున్న మొహం. అది ఎవరికి కావాలి? డెల్‌కు కావాలి. భయపడ్డానని భార్యకు తెలియకూడదనుకున్న డెల్, ఒక్క జోకు చెప్పినందుకు ప్రాణస్నేహితుణ్ణి బతికుండగానే పాతేసిన డెల్, ఇద్దరూ ఒకడే, చెరో చెయ్యి పట్టుకుని లాగుతున్నాడు. ఏం మనిషివి నువ్వు అనిపించింది, పోతే పోయావు, పూర్తిగా పోలేవా.

తొడ దగ్గర ఫోన్ వణికింది. పదీ ఇరవై. ట్రూడీ. మిరియమ్‌ను ముందుకు నడవమని చెప్పి గోడ నీడలోకి జరిగింది. లైట్లు పెట్టడం అయిపోయింది, అంది ట్రూడీ, నటులను పిలుస్తున్నారు, చెప్పు. గోడకు చెవి ఆనించినట్టుంది, అవతలా ఇవతలా ఇద్దరాడవాళ్ళు, మధ్యలో ఇటుకలు. చేతిలో ఉన్న నారింజ తొనలు నలిగిపోయాయి. బస్‌స్టాపు దగ్గర వెర్న్ తిరిగి గేటు వైపు వస్తున్నాడు, మెల్లగా, ఎప్పటిలాగే ఎడంగా.

"నేను సమ్మెలో ఉన్నాను, ట్రూడీ," అంది.

 తెలుసు, అడక్కుండా ఉండలేకపోయాను అంది ట్రూడీ. ఇంకో రెండు స్క్రిప్టులు అయిపోతే తనకూ పని ఉండదని, క్రిస్మస్‌కు చెల్లెలింటికి పోతానని చెప్పి పెట్టేసింది. ఆ గొంతులో కోపం లేదు, అదే బాధనిపించింది. మిరియమ్ గేటు దగ్గర ఆగి ఎదురుచూస్తోంది. ఇక ఎనిమిది నిమిషాలు. కోటిమంది కంటే ముందు తనే చెప్పాలి, కనీసం అది. వెళ్ళి మోచెయ్యి పట్టుకుంది. నడుస్తూనే చెప్పింది, ఆగితే నోరు పెగలదని. ఒంటరిగా రాసిన సంగతి, చివరి మాట దొరకని సంగతి, పీకేద్దామని డెల్ అన్న మాటే పెట్టిన సంగతి. మిరియమ్ మొహం చూడకుండా ఎదర నడుస్తున్నవాళ్ళ మడమలు చూస్తూ చెప్పింది. నీ పేరు అలాగే ఉండిపోయింది, కాసేపట్లో తీస్తున్నారు, మార్చలేను అంది. ఏం మాట అది అని మిరియమ్ అడగలేదు. నాలుగడుగులు వేశాక తనే అంది.

"కుర్చీ దగ్గరికి లాక్కోమన్నాడా?"

లోర్నా ఆగిపోయింది. బెల్లు మోగకుండానే.

"నాతోనూ అన్నాడు," అంది మిరియమ్. "చాలాసార్లు. భయమేస్తోంది, లోర్నాకి మాత్రం చెప్పకు అనేవాడు. తెలిస్తే ఇక నా పక్కన కూర్చుని రాయడం దానివల్ల కాదు అని." అట్ట ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుంది. "అందుకే కదా ఆ రోజు నీ చెవిలో అంత గట్టిగా చెప్పాను. నువ్వు తల ఊపావు. హమ్మయ్య, నమ్మింది అనుకున్నాను."

ఏడుపు వస్తుందనుకుంది లోర్నా. ముందు వచ్చింది అది కాదు, సిగ్గుపడవలసినదేదో, అసూయలాంటిది. తన ఒక్కదానికే చెప్పాడనుకుంది. ఆ మాట తనదనుకుంది. పంతొమ్మిదేళ్ళు పక్కన కూర్చున్నందుకు చివరికి తనకు దక్కిన ఒక్క వాక్యం, భార్యకు కూడా దక్కనిది, దాన్ని ఎక్కడ పోతుందోనని స్క్రిప్టులో పెట్టి దాచుకుంది. తర్వాత మారుద్దామని కాదు. ఆ శుక్రవారం నాలుగున్నరకు హెలెన్ అని కొట్టడానికి అయిదు సెకన్లు పట్టేది. వేళ్ళు మిరియమ్ అనే కొట్టాయి. చెప్పకూడని మాటను చెప్పకుండా ఉండలేక, ఎవరో ఒకరు వినాలని. ఇది మిరియమ్‌కు కూడా చెప్పాలా? చెప్పింది. ముక్కలు ముక్కలుగా, అర్థమయిందో లేదో. మిరియమ్ ఆమె చేతిలో నలిగిన నారింజ తీసుకుని తన సంచిలో పడేసింది, చొక్కా అంచుతో ఆ వేళ్ళు తుడిచింది.

"ఎప్పుడూ అంతే కదా ఆ మనిషి," అంది. "ఏ మాటైనా ముందు ఒకరి దగ్గర చెప్పి చూసుకుని, తర్వాత ఇంకొకరికి చెప్పేవాడు. నీకు ముందు చెప్పాడో నాకు ముందు చెప్పాడో."

అప్పుడు బెల్లు మోగింది, పొడుగ్గా. వరస వరసంతా దాన్ని విని ఇంకా గట్టిగా అరిచింది, ఎవరో డబ్బా వాయించారు, ఒక లారీ హారన్ కొట్టుకుంటూ పోయింది. పదకొండో ఫ్లోరు గోడలు రెండడుగుల మందం, లోపలికి ఏమీ పోదు, ఆ బెల్లు తప్ప లోపలిదేదీ రాదు. వాళ్ళిద్దరూ మాత్రం నిలబడిపోయారు. నడిచేవాళ్ళు చెరోవైపు నుంచి తప్పుకుని పోతున్నారు. నాలుగడుగుల ఎడంలో వెర్న్ కూడా ఆగాడు, పాతకాలపు మనిషి, బెల్లు మోగితే ఆగుతాడు, లోపల ఏం తీస్తున్నారో అతనికేం తెలుసు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. మిరియమ్ అతని వైపు చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత సంచిలోంచి ఒక నారింజ తీసి చెయ్యి చాపింది. అతను ఆ ఎడం దాటి రావడానికి చాలా సమయం పట్టింది.

ఇప్పుడు లోపల ఓస్కర్ చెబుతుంటాడు. కుర్చీ దగ్గరికి లాక్కో. ఎడమ చెవి దగ్గర ఎవరూ లేరు, మిరియమ్ ఊపిరి తప్ప. లోర్నా ఆ ఖాళీలో చెవి పెట్టి విన్నది, డెల్ ఏదన్నా అంటాడేమోనని, ఎందుకు చెప్పావని అయినా. ఏమీ అనలేదు. గోడ అవతలికి వెళ్ళిపోయి ఉంటాడు, మంచం మీదికి. తర్వాత పొట్టిగా రెండుసార్లు మోగింది. ముగ్గురూ ఊపిరి వదిలారు.

"అయిపోయిందా?" అంది మిరియమ్.

లేదు, అంది లోర్నా. ఇది దూరం నుంచి తీసింది. ఇక దగ్గరగా తీస్తారు, తర్వాత అవతలి వైపు నుంచి, తర్వాత ఓస్కర్ తనకు నచ్చలేదని ఇంకోసారి అడుగుతాడు. మధ్యాహ్నం భోజనం దాకా చెబుతూనే ఉంటాడు, మిరియమ్‌కి మాత్రం చెప్పకు అని.

మిరియమ్ ఆమె చెయ్యి పట్టుకుంది. గోడ అవతల బెల్లు మళ్ళీ పొడుగ్గా మోగింది.